పలకని నిర్వాహకులు

అహోబిలంలో ఏటా కనుమనాడు పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి పల్లకినెక్కి సుమారు 40 రోజులు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, తన పెళ్ళికి రమ్మని జనాన్ని స్వయంగా పిలుస్తాడని అక్కడివారి నమ్మకం. పోయినేడు ఎవరు రాలేదో లెక్క చూసుకుంటూ కొండమీదే కూర్చోడు. స్వచ్ఛందంగా నడిచే సాఫ్టువేరు ప్రాజెక్టులకు ఈ పద్ధతి చాలా అవసరమని నాకు తోస్తుంది.

1993లో పుట్టిన డెబియన్‌నే చూడండి. అందులో ఒక్కో ప్యాకేజీకి ఒక నిర్వాహకుడో, బృందమో ఉంటుంది. జీతం లేదు, హాజరుపట్టీ లేదు. ఉద్యోగం మారవచ్చు, బిడ్డ పుట్టవచ్చు, విసుగే పుట్టవచ్చు; పేరు మాత్రం అలాగే ఉంటుంది. చిక్కంతా ఆ పేరుతోనే. ఖాళీ అని తెలిస్తే మరొకరు ముందుకు వస్తారు. పేరున్నచోట చెయ్యి పెట్టడానికి మర్యాదస్తులు జంకుతారు. ఈలోగా దోషాల చిట్టా పెరుగుతూ పోతుంది.

దీనికోసం డెబియన్ వారు ఒక బృందాన్నే పెట్టుకున్నారు. యుద్ధంలో ఆచూకీ తెలియని సైనికులకు వాడే మాటనే దానికి పేరుగా పెట్టారు: ఎం.ఐ.ఏ. చివరి ఉత్తరం ఎప్పుడు రాశారు, చివరి ప్యాకేజీ ఎప్పుడు పంపారు అని చూస్తారు. ఆపై మెత్తగా ఒక ఉత్తరం, కాస్త గట్టిగా మరొకటి, చివరికి హెచ్చరిక. అప్పటికీ పలకకపోతే ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తారు. మార్టిన్ మిక్ల్‌మయర్ ఈ సమస్యపై 2004లో పరిశోధన పత్రమే రాశారు.

తేదీలు చూసి పసిగట్టడం యంత్రానికీ చేతనవును. అయితే మార్పులక్కరలేని చిన్న ప్యాకేజీ రెండేళ్ళు కదలకపోయినంత మాత్రాన అది నిర్లక్ష్యమనలేం. మౌనంగా ఉన్నవారి సంగతి ఏదో ఒకనాటికి తేలుతుంది. "ఈ నెలలో చేసేస్తానండీ" అని ప్రతి ఉత్తరానికీ జవాబిచ్చే పెద్దమనిషితోనే అసలు తంటా!

మంచివారు పలకరించనిచోట దొంగలు పలకరిస్తారు. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రాజెక్టును ఒక్కరే మోస్తూ అలసిపోయి ఉన్నారు. 2022లో కొత్త కొత్త పేర్లతో కొందరు ఆయన్ని నిలదీశారు. సాయానికొచ్చిన 'జియా టాన్' నమ్మకం సంపాదించి లోపల దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్ అర సెకను ఆలస్యమవడం గమనించి దాన్ని పట్టుకున్నారు.

తెలుగు ఖతులూ అనువాదాలూ చూసేవారు మనకు గుప్పెడుమంది. ఏటా ఉగాదికి ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి, "ఇంకా చూస్తారా? వేరొకరికి అప్పగిద్దామా?" అని అడిగితే బాగుంటుంది. జవాబు రాకపోతే నెలరోజులాగి ఫోను చెయ్యాలి. తప్పుకున్నవారి పేరు కృతజ్ఞతల పుటలో ఉంచి, తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకోవాలి.