మనోళ్లైతే కండ్లు మండవా?

పుష్య అమావాస్యకు సింగరాయ జాతర అయిపోయిందంటే మా కోహెడలో ఇక పెళ్లిళ్ల ముచ్చటే. మాఘం మొదలయ్యాక మా చెల్లె ఇంట్లో ముందుగది ఖాళీగా ఉండదు. ఆ గదే దాని పార్లర్. ఒక కుర్చీ, ఒక అద్దం, గోడవారగా ఒక మంచం. ఐబ్రోస్ కోసం వచ్చే కాలేజీ పిల్లలు, ఫేషియల్ అంటూ వచ్చే అత్తలు, పెళ్లికూతురి మేకప్ బుకింగులు. ఇద్దరు పిల్లల ఫీజులు ఆ గది సంపాదనతోనే కడుతుంది.

పోయిన మాఘంలో మా దగ్గరి చుట్టాల్లో ఒక పెళ్లి. పెళ్లికూతురి మేకప్ మా చెల్లెదే. పెళ్లి ముందురోజు రాత్రి, చేతులకు మెహందీ ఇంకా ఆరకముందే, ఆ పిల్లా వాళ్లమ్మా వచ్చి కూర్చున్నారు. ఫోన్‌లో ఒక రీల్ చూపించి "నాక్కూడా ఇట్ల లాష్ లిఫ్ట్ చెయ్యి పిన్నీ" అంది పిల్ల. చెల్లె ఆ పని నేర్చుకుంది. సామాను కూడా ఉంది. అయినా చెయ్యనంది. "రెండు రోజుల ముందు వస్తే చెవి వెనక మందు పెట్టి చూసేదాన్ని. ఇప్పుడు వద్దు బిడ్డా, మస్కారాతో మంచిగ చేస్తా" అంది.

వాళ్లమ్మ ముఖం మాడిపోయింది. నాకు మొహమాటం. చెల్లె పక్కన నిలబడాల్సింది పోయి, "చెయ్యరాదే, మనోళ్లే గదా, ఏమైతది?" అన్నాను.

"మనోళ్లైతే కండ్లు మండవా అక్కా?" అంది అది.

వాళ్లు లేచి వెళ్లిపోయి, ఆ రాత్రే ఇంకోచోట చేయించుకున్నారు. ఏమైందంటారా? ఏమీ కాలేదు. పొద్దున పీటల మీద పిల్ల రెప్పలు చక్కగా పైకి తిరిగి ఉన్నాయి. మేకప్ కూడా అక్కడివాళ్లే చేశారు. భోజనాల దగ్గర "మీ చెల్లెకు ఆ పని రాదట గదా" అని నన్నే అడిగారు.

ఏమీ కాలేదు కాబట్టి చెల్లెది తప్పేనా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని, అసలు ఆ పనేంటో చెప్పమన్నాను.

జుట్టును రింగులు తిప్పడానికి వాడే పర్మింగ్ మందు లాంటిదే ఇదీ. కనురెప్ప మీద మెత్తటి సిలికాన్ ప్యాడ్ పెట్టి, వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా దానికి అంటిస్తారు. మొదటి మందులో ఎక్కువగా థయోగ్లైకోలిక్ యాసిడ్ తాలూకు రసాయనం ఉంటుంది. అది వెంట్రుక లోపలి బంధాల్ని వదులు చేస్తుంది. రెండో మందు, సాధారణంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్నది, ఆ కొత్త వంపులోనే వాటిని మళ్లీ బిగిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. మందు నిమిషాలు లెక్కపెట్టి తీసెయ్యాలి. ఎక్కువసేపు ఉంచితే వెంట్రుకలు పీచులా ముడుచుకుపోతాయి. ఒంటి మొత్తంలో చర్మం అన్నింటికంటే పలచగా ఉండేది కనురెప్పల దగ్గరే, దాని వెనకే కన్ను. యూరప్‌లో ఈ రసాయనాన్ని రెప్పల పనికి 11 శాతం మించకూడదని, వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రమే వాడాలని నిబంధన పెట్టారు.

మా చెల్లె మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా ఒక కిట్ కొన్నది. డబ్బా మీద బొమ్మలున్నాయి, పువ్వులున్నాయి. ఎవరు తయారు చేశారో లేదు, బ్యాచ్ నంబర్ లేదు, దిగుమతి చేసినవాళ్ల చిరునామా లేదు. మన దేశంలో అమ్మే కాస్మెటిక్స్ మీద ఇవి ఉండి తీరాలి. బయటి దేశం సరుకైతే రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి. అది ఆ డబ్బాను ఒక్కసారి కూడా వాడకుండా పారేసింది. అప్పుడు నేనే తిట్టాను, డబ్బులు దండగ చేశావని. (ఈ కథలో నేను మంచిదాన్నిగా కనబడే చోటు ఒక్కటీ లేదు, గమనించారా?)

అమెరికాలో 1933లో 'లాష్ లూర్' అనే రెప్పల రంగు వేయించుకుని ఒకావిడ చూపు పోగొట్టుకుంది. తలరంగుల్లో వాడే పీపీడీ లాంటి రసాయనం దాన్లో ఉంది. అప్పటికి అక్కడ కాస్మెటిక్స్‌ను ఆపే చట్టమే లేదు, 1938లో వచ్చింది. అది రంగు, ఇది లిఫ్ట్, రెండూ ఒకటి కావు. కానీ ఇప్పుడు చాలాచోట్ల లిఫ్ట్, టింట్ కలిపి ఒకే ప్యాకేజీగా చేస్తున్నారు. తలరంగు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

ఈ పని చెయ్యకూడదని నేను అనడం లేదు. ఇష్టపడి చేయించుకునేవాళ్లను చిన్నచూపు చూసే పెద్దరికమూ నాకు లేదు. నా మాటల్లా నమ్మకమైన మనిషిని ఎలా గుర్తుపట్టాలనే. చేతి వేగం చూసి కాదు, గోడ మీది సర్టిఫికెట్ చూసి అంతకన్నా కాదు. ఆమె మిమ్మల్ని ఏమడుగుతుందో వినండి. కంటి ఆపరేషన్ అయిందా, కళ్లకలక వచ్చి తగ్గిందా, కంటి కురుపు ఉందా, చుక్కల మందు వేసుకుంటున్నారా, కాంటాక్ట్ లెన్సులు తీశారా? ఒకటి రెండు రోజుల ముందు టెస్టుకు రమ్మందా? బ్రష్షులు ఒక్కొక్కరికి కొత్తవి తీస్తుందా? మధ్యలో మండుతోందంటే "కొంచెం ఓర్చుకో" అనకుండా వెంటనే తుడిచేస్తుందా? మందు కంట్లో పడితే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి పోవాలి. పెళ్లి ముందు రాత్రి, కోహెడ నుంచి సిద్దిపేటకో కరీంనగర్‌కో, ఎవరు తీసుకుపోతారు?

ఇంకోమాట. డాక్టర్ వద్దంటే మనం నోరెత్తం. అదే ఇంట్లో పార్లర్ నడిపే ఆడమనిషి వద్దంటే పొగరంటాం, రాదంటాం, మనోళ్లం కదా అని బతిమాలతాం, పైగా రేటు తగ్గించమంటాం. కుదరదంటే బుకింగ్ తీసుకుపోతాం. చెల్లెకు ఆ మాఘంలో పోయింది ఒక్క పెళ్లి కాదు. ఆ మాట విని మరో రెండిళ్లవాళ్లు కూడా మనసు మార్చుకున్నారు. జాగ్రత్తగా ఉండేవాళ్లకు జరిమానా వేసి, తొందరపడేవాళ్లకు బుకింగులిస్తున్నది మనమే.

వచ్చే శుక్రవారం ఆ పెళ్లికూతురికి ఒడిబియ్యం పోస్తున్నారు. నన్ను పిలిచారు. మా చెల్లెను పిలవలేదు. వెళ్లాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. "నువ్వు పో అక్కా, చీరె నేనే ఇస్త్రీ చేసిస్తా" అంటోంది అది.