ఇరానీ అయితే ఫరవాలేదా?

మొన్న జుమా నమాజ్ అయ్యాక జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లాను. మా ఆపా వాళ్ల ఇల్లు అక్కడే. ఆపా చిన్నకొడుక్కి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది. ఐ-ట్వంటీ కూడా చేతికొచ్చింది. ఇల్లంతా ఖుషీగా ఉంటుందనుకుని మిఠాయి డబ్బా పట్టుకెళ్తే, వాడు చాప మీద కూర్చుని ఫోన్లో ఏదో తుడిచేస్తున్నాడు. ఏంటని చూస్తే గాజా మీద రెండేళ్లుగా పెట్టిన పోస్టులు. స్టూడెంట్ వీసాకి వచ్చేవాళ్లు సోషల్ మీడియా అకౌంట్లన్నీ పబ్లిక్‌లో పెట్టాలని 2025 జూన్‌లో అమెరికా హుకుం జారీ చేసింది కదా. అందుకని వాడు తన రెండేళ్ల గుస్సాని ఒక్కొక్కటిగా నొక్కి తీసేస్తున్నాడు.

ఆపా చాయ్ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. "అరే, నువ్వు అఖ్బార్లో రాస్తావు కదా, సచ్ చెప్పు. వాళ్ల మిజాజే జంగ్ మిజాజా? ఎప్పుడు చూసినా ఏదో ఒక ముల్క్ మీద బాంబులేస్తూనే ఉంటారు. మన పిల్లోణ్ణి అక్కడికి పంపొచ్చా, వద్దా?"

ఇరవై ఏళ్లకి పైగా ఖబర్లు రాస్తున్నాను, ఇంత సీదా సవాల్ నన్నెవరూ అడగలేదు. ఆ రోజు సగం జవాబే ఇచ్చాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక మాట. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. ఉర్దూలో రాసేటప్పుడు యుద్ధమనే జంగ్ జీమ్‌తో మొదలవుతుంది, ఇనుముకి పట్టే తుప్పు జే అక్షరంతో. మా ఇంట్లో పలికేటప్పుడు మాత్రం రెండూ జంగే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక తెలుగు లిపిలోనూ రెండూ ఒకటే అయిపోయాయి. గొళ్లేనికి జంగ్ పట్టిందని అమ్మీ అంటే, చిన్నప్పుడు నాకు టాంకులు గుర్తొచ్చేవి.

టాంకులంటే సినిమాలో చూసినవి కాదు. మా దాదీ చెప్పినవి. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ రియాసత్ మీదికి ఫౌజ్ కదిలినప్పుడు, విజయవాడ వైపు నుంచి బయల్దేరిన దళం మా రోడ్డు మీదుగానే కోదాడ, మునగాల, సూర్యాపేట వైపు వెళ్లింది. ఇవాళ సిమెంటు లారీలు పోయే రోడ్డే అది. జగ్గయ్యపేట అప్పుడు సర్హద్దు ఊరు. ఇటు మద్రాసు, అటు నిజాం. ఐదు రోజుల్లో అంతా ఖతమ్. ఆ తర్వాత రియాసత్ పల్లెల్లో ఏం జరిగిందో చూసి రమ్మని పంపిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుంచి 40 వేల మంది చచ్చిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఆ రిపోర్టు అందరి కంటా పడటానికి 2013 దాకా పట్టింది. ఇంత జరిగితే దానికి పెట్టిన పేరు ఏంటి? పోలీస్ యాక్షన్. తాళం పగలగొట్టిన దొంగ కోసం కానిస్టేబుల్ వెళ్లినట్టు.

రెండేళ్ల తర్వాత, 1950 జూన్‌లో, కొరియాలోకి తన సైన్యాన్ని దించుతూ అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూడా అదే మాట వాడాడు. యుద్ధం కాదు, పోలీస్ యాక్షన్ అన్నాడు. అక్కడ అమెరికన్ సిపాయిలే 36 వేల మందికి పైగా పోయారు. కొరియన్ల లెక్క లక్షల్లో. డిగ్రీలో ఉండగా ఇది మొదటిసారి చదివినప్పుడు దాదీకి చెప్పాను. "హాఁ, పేరు మంచిదే పెడతారు" అంది, అంతే.

అందుకే 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ తన రక్షణ శాఖని మళ్లీ యుద్ధ శాఖ అని పిలవాలని సంతకం పెట్టినప్పుడు, దోస్తులంతా గుండెలు బాదుకుంటుంటే నాకు పెద్ద హైరానా అనిపించలేదు. 1789 నుంచి 1947 దాకా దాని పేరు అదేగా. అబద్ధం పేరు పోయి నిజం పేరు వచ్చిందనుకున్నా.

ఇక ఆపా సవాల్. వాళ్ల మిజాజే అంతా అంటే, అవునని చెప్పడానికి గవాహీ బోలెడుంది. 2024లో అమెరికా ఫౌజీ ఖర్చు 99,700 కోట్ల డాలర్లు. దునియా మొత్తం పెట్టే ఖర్చులో మూడో వంతుకి పైనే. ఆయుధాలు అమ్మడంలోనూ వాళ్లే అవ్వల్. గాజాలో కాల్పులు ఆపాలని 2025 జూన్ 4న భద్రతా మండలిలో తీర్మానం పెడితే పద్నాలుగు దేశాలు అవునన్నాయి, ఒక్క అమెరికా వీటో చేసింది. అదే నెలలో ఇరాన్ మీద బాంబులేసింది. ఇవన్నీ మా పిల్లోడికి నాకంటే బాగా తెలుసు. తుడిచేస్తున్న పోస్టుల్లో ఉన్నవి ఇవే కదా.

కానీ మిజాజ్ అనే మాట దగ్గర నేను ఆగుతాను. ఒక కౌమ్ మొత్తానికి ఒకే మిజాజ్ ఉంటుందని చెప్పేవాళ్ల చేతుల్లో మనం ఎన్ని దెబ్బలు తిన్నాం! ముసల్మాన్ల ఫిత్రతే అంత అని ఎవరైనా అంటే కుర్సీ మీంచి లేచి నిలబడే నేను, అమెరికన్ల ఫిత్రతే అంత అని ఏ ముఖంతో రాయను?

పైగా ఆ మాట నిజం కూడా కాదు. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో వియత్నాం ఫౌజ్‌లో భర్తీ కోసం పేరు పిలిస్తే కదలకుండా నిలబడ్డ ముహమ్మద్ అలీ అమెరికనే. చాంపియన్ పట్టా లాగేసుకున్నారు, మూడేళ్లకి పైగా రింగులోకి రానివ్వలేదు. చివరికి 1971లో వాళ్ల సుప్రీంకోర్టే ఆయన మీది శిక్షని ఎనిమిది మంది జడ్జీల ఏకాభిప్రాయంతో కొట్టేసింది. 2001 సెప్టెంబర్‌లో, టవర్లు కూలిన మూడో రోజున, జంగ్‌కి ఖుల్లా ఇజాజత్ ఇచ్చే తీర్మానం ప్రతినిధుల సభ ముందుకొస్తే 420 మంది అవునన్నారు. కాదని లేచింది ఒక్కరే, బార్బరా లీ. అదీ అమెరికనే. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ మీద జంగ్ వద్దని న్యూయార్క్ చలిలో రోడ్ల మీద నిలబడ్డవాళ్లు లక్షల్లో. నెల తర్వాత బాంబులు పడనే పడ్డాయి, అది వేరే సంగతి.

మరి ఇంతమంది వద్దంటున్నా జంగ్ ఎందుకు ఆగదు? నాకు తోచింది ఇదీ. మొదలుపెట్టేవాడికి దాని ఖర్చు తెలియకుండా వాళ్లు ఒక ఇంతజామ్ చేసుకున్నారు. వియత్నాం రోజుల్లో ప్రతి ఊరి నుంచీ కుర్రాళ్లని లాక్కెళ్లేవాళ్లు. 58 వేల జనాజాలు తిరిగొచ్చాయి. అందుకే కాలేజీలు భగ్గుమన్నాయి. 1973లో ఆ బలవంతపు భర్తీ ఎత్తేశారు. అప్పట్నుంచి ఫౌజ్‌లోకి ఇష్టమున్నవాడో, కాలేజీ ఫీజుకి డబ్బు లేనివాడో వెళ్తాడు. నూటికి ఒక్కడు కూడా లేడు. మిగతావాళ్లకి జంగ్ అంటే టీవీలో వచ్చే ఖబర్. పార్లమెంటు లాంటి వాళ్ల కాంగ్రెస్ బాకాయదాగా యుద్ధం ప్రకటించింది చివరిసారి 1942లో. ఆ తర్వాత కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్తాన్, ఏదీ ఎలాన్ చేసిన జంగ్ కాదు. బార్బరా లీ వద్దన్న ఆ కాగితంలో అసలు ముక్క అరవై పదాలే. దాన్ని పట్టుకుని ఇరవై ఏళ్లకి పైగా ఎన్నో ముల్కుల్లో బాంబులు వేశారు. హిసాబ్ అడిగేవాడు లేడు.

హిసాబ్ లేనిచోట ఒక మాట బాగా పనికొస్తుంది. గల్తీ.

1988 జూలై 3న అమెరికన్ యుద్ధనౌక విన్సెన్స్, దుబాయ్ వెళ్తున్న ఇరాన్ ప్యాసింజర్ విమానాన్ని కూల్చేసింది. 290 మంది చనిపోయారు. అందులో 66 మంది పిల్లలు, పది మంది మన హిందుస్తానీలు. ఫైటర్ విమానం అనుకున్నాం, గల్తీ అయింది అన్నారు. ఆ నౌక కెప్టెన్‌కి తర్వాత, మొత్తం సర్వీసు బాగా చేశాడని మెడల్ కూడా ఇచ్చారు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో డ్రోన్‌తో పది మందిని చంపేశారు, ఏడుగురు పిల్లలు. టెర్రరిస్టు కారనుకున్నాం, గల్తీ అన్నారు. ఒక్కడికీ సజా పడలేదు.

ఇప్పుడు మన దగ్గరి కేసు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో, గార్మిన్ కంపెనీలో పనిచేసే హైదరాబాదీ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్, దోస్త్ అలోక్ మాదసానితో కలిసి ఆఫీసు అయ్యాక ఒక బార్‌లో కూర్చున్నాడు. ఆడమ్ పురింటన్ అనేవాడు, ఒకప్పుడు అమెరికన్ నేవీలో పనిచేసినవాడు, వాళ్లతో గొడవ పెట్టుకున్నాడు. బయటికి పంపేస్తే మళ్లీ తుపాకీతో వచ్చాడు. నా దేశం నుంచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, 32 ఏళ్లు. అలోక్ బతికాడు. అడ్డం వెళ్లిన ఇయాన్ గ్రిల్లట్ అనే తెల్లకుర్రాడి చేతిలోంచి ఛాతీలోకి గోలీ దిగింది. అతనూ బతికాడు. (ఆ గ్రిల్లట్‌ని మర్చిపోతే మిజాజ్ కథ మళ్లీ మొదలవుతుంది.) పురింటన్ పారిపోయి పక్క రాష్ట్రంలో ఇంకో బార్‌లో కూర్చుని, ఇద్దరు ఇరానీలని చంపానని చెప్పుకున్నాడు. అక్కడే దొరికాడు. జీవితఖైదు పడింది.

ఆ రాత్రి నేను డెస్క్‌లో ఉన్నాను. ఏ పత్రికో చెప్పను, ఏ పత్రికైనా అదే రాసింది. నేను పెట్టిన హెడ్డింగ్‌లో 'ఇరానీ అని పొరబడి' అనే ముక్క ఉంది. తప్పేం కాదు, జరిగిందదే. తర్వాత వారం రోజులు టీకొట్ల దగ్గర, బస్సుల్లో, చదువుకున్నోళ్ల నోళ్లలో అదే మాట విన్నాను. పాపం, మనోణ్ణి ఇరానీ అనుకున్నాడంట. పాపం, ముస్లిం అనుకున్నాడంట. బొట్టు పెట్టుకుని ఉంటే బతికేవాడేమో అని ఒకాయన నాతోనే అన్నాడు, నా పేరు తెలిసి కూడా.

ఇరానీ అయితే ఫరవాలేదా? ఆ రాత్రి డెస్క్‌లో ఎవరో ఒకరు అడగాల్సిన సవాల్ ఇది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. పొరబాటు శ్రీనివాస్‌ని చంపడంలో ఉందనుకున్నాం. గోలీ సరైన మనిషికి తగల్లేదన్నదే మా అఫ్సోస్ అయింది. ఆ మాట నా చేత్తోనే టైపు చేశాను. పురింటన్ బుర్రలో దుష్మన్ అనే బొమ్మని ఒక్కరోజులో ఎవరూ గీయలేదు. వాడి చిన్నప్పట్నుంచీ ముప్పై, నలభై ఏళ్లుగా వాళ్ల టీవీలు గీశాయి, వాళ్ల హుకూమత్ గీసింది. దానికి ఇక్కడ కృష్ణా జిల్లాలో కూర్చుని నేనూ ఒక గీత గీశాను.

మనం మాత్రం అమన్ పసంద్ లోగాఁ అనుకుంటున్నారా? మా మామూ ఒకాయన కువైట్‌లో డ్రైవరీ చేసేవాడు. 1990 ఆగస్టు 2న సద్దాం ఫౌజ్ కువైట్‌లో దిగింది. మామూ జోర్డాన్ ఎడారిలో క్యాంపుల్లో పడి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి చేరి, ఒక్క సంచీతో ఊరికొచ్చాడు. తొమ్మిదేళ్ల కమాయీ అక్కడే పోయింది. కొన్ని నెలలకే, 1991 జనవరిలో, అమెరికా బాగ్దాద్ మీద బాంబులేస్తుంటే మా మొహల్లా మొత్తం సద్దాం తరఫున రేడియో చుట్టూ చేరింది. ఆ ఏడు పుట్టిన మగపిల్లల్లో ఒకడికి సద్దాం అని పేరు పెట్టారు. అకీకా దావత్‌కి మామూ వెళ్లలేదు. "ఆ పేరుగల్లోడి వల్లే నేను రోడ్డున పడ్డాను, బిర్యానీ ఎలా దిగుతుంది" అన్నాడు. ఆయన్ని మొహల్లాలో అందరూ తప్పుబట్టారు. పదేళ్ల పిల్లాణ్ణి, నేనూ తప్పుబట్టాను. మనకి దెబ్బ తగలనంతసేపూ జంగ్ చాలా ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది.

2025 మే నెల గుర్తుంది కదా. స్టూడియోల్లో సైరన్లు మోగించారు. కరాచీ రేవు నేలమట్టమని జరగనిది చెప్పారు. ఎగిరి గంతేసిన యాంకర్లలో ఒక్కడి ఇంటినుంచైనా కొడుకు సర్హద్దులో ఉన్నాడా? ఉన్నవాడు గోరంట్ల మండలం కల్లితండాలో గరీబు అమ్మానాన్నల బిడ్డ మురళీ నాయక్. మే 9న పోయాడు. అమెరికాలో యాభై ఏళ్లుగా నడిచే ఇంతజామ్ ఇక్కడా దిగుమతి అవుతోంది.

కాబట్టి ఆపాతో ఇలా అన్నాను. పంపించు. అక్కడ పురింటన్ ఉన్నాడు, గ్రిల్లట్ కూడా ఉన్నాడు. వాడికి ఎవరు ఎదురవుతారో నసీబ్. ఇక్కడ నందిగామ బస్టాండులో మాత్రం ఎవరు ఎదురవుతారో మనకి తెలుసా?

మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టి అడిగాడు, "మామూ, మరి ఇవి తుడిచేయమంటావా, ఉంచమంటావా?"

ఉంచమనడానికి నోరు రాలేదు. సీటు పోతే లక్షల అప్పు ఆపాది, ధైర్యం నాది, ఎట్లా కుదురుతుంది? తుడిచేయమనడానికీ నోరు రాలేదు. చాయ్ చల్లారిపోయింది. ఆపా వేడిచేసి తెస్తానని లోపలికి వెళ్లింది.

నిన్న ఫోన్ చేసింది. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తారీఖు వచ్చిందట. ఆ రోజు తను రోజా ఉంటుందట, నన్నూ దువా చేయమంది. వాడు అకౌంట్ పబ్లిక్‌లో పెట్టాడని కూడా చెప్పింది. ఏ పోస్టులు మిగిల్చాడో చూద్దామని వాడి పేజీ దాకా వెళ్లి, తెరవకుండా వెనక్కొచ్చేశాను.