మనవాడైనచో జీతము తగ్గునా?

కర్ణాటక ప్రభుత్వము 2025 ఏప్రిల్ నెలలో కనీస వేతనములను పెంచుటకు ముసాయిదా ప్రకటించినది మొదలు, మన వర్తకులు నలుగురు చేరిన చోటనెల్ల ఒకే మాట వినవచ్చుచున్నది: "ఇంత ఇచ్చినచో అంగడి మూసికొనవలసినదే." మేమును వర్తకులమే. అద్దె, వడ్డీ, పన్ను పోగా సాయంకాలమునకు పెట్టెలో మిగులునదెంతయో మాకు తెలియనిది కాదు. కావున ఈ భయమును పరిహసింపము. అయినను, అడిగినది ఎంత యని అదరిపడుటకు ముందు, ఎందులకని చూచుట న్యాయము.

కనీస వేతనము దయాధర్మము కాదు; అదియు ఒక లెక్కయే. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ఆ లెక్కను తేల్చినది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు గల కుటుంబమును ముగ్గురు పెద్దల తిండికి సమానముగా ఎంచి, ఒక్కొక్కరికి దినమునకు 2,700 కేలరీల ఆహారము, ఇంటికి ఏడాదికి 72 గజముల బట్ట, అద్దె, వంటచెరకు, దీపము వగైరాలకు 20 శాతము చేర్చవలెననినది. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యము, వృద్ధాప్యము మున్నగువానికై మరి 25 శాతము చేర్చుమన్నది. ఇందులో విలాసమెక్కడ?

ఈ లెక్క తప్పినచో ఏమగునో చూచుటకు దూరము పోనక్కరలేదు. తెల్లవారకముందే మన వీధులనూడ్చు పౌరకార్మికులలో పెక్కుమంది తెలుగు మాటలాడువారు. ఏండ్ల తరబడి గుత్తేదారుల క్రింద అరకొర కూలికి పనిచేసిన వీరికి 2016లో నెలకు 14,040 రూపాయల కనీస వేతనము నిర్ణయమైనది. ఉద్యోగ భద్రతకై 2022 జూలైలో సమ్మె చేసిరి. 2025 మే 1వ తేదీన 12,692 మందికి ఖాయపు ఉద్యోగ పత్రములు లభించినవి. ఇంతకాలము మన సంఘము వారి పక్షమున ఒక్క తీర్మానమైనను చేయలేదు. ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది.

ఇక మన అంగళ్ల మాట. స్వగ్రామములనుండి యువకులను రప్పించుకొందుము. తిండి పెట్టుదుము, మిద్దెపై పడక చూపుదుము, పండుగకు బట్టలిత్తుము. జీతము పెంచుమన్నప్పుడు మాత్రము "నీవు మనవాడవు గదా" యని నోరు కట్టుదుము. మా అంగడిలోను ఈ లోపము ఎన్నడును లేకుండెనని చెప్పజాలము.

ప్రభుత్వమునకు పన్నులు గలవు, మాకేమి గలదని కొందరడుగుదురు. చట్టము అందరికి ఒక్కటియైనచో, తక్కువ జీతమిచ్చి తక్కువ ధరకమ్మువాని పోటీ మనకుండదు. కూలివాని చేతిలోని రూపాయి బ్యాంకులో నిదురింపదు. పప్పుకో, బట్టకో మరల మన అంగడికే వచ్చును. పైగా 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన వేతనముల కోడు కనీస వేతనమును ఎల్ల ఉద్యోగములకు వర్తింపజేసినది. చిన్న కొట్టు అను సాకు చెల్లదు.

రాబోవు ఉగాది సభలో తెలుగుతనమును గూర్చి ఉపన్యసించుటకు ముందు, ప్రతి సభ్యుడును తన జీతముల చిట్టాను ఒకమారు తెరచి చూచుకొనవలెనని, ఆ సభకు మన పేట పౌరకార్మికులను కూడ ఆహ్వానింపవలెనని మా మనవి.