ఏసీ ఆపడానికీ సిగ్నల్ కావాలా?

గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలకు డెత్ వ్యాలీ చూపించి లాస్‌ఏంజెలెస్‌కు తిరిగొస్తున్నాం. జూన్‌లో అక్కడికెవరైనా వెళ్తారా అనకండి, పిల్లల సెలవులు అప్పుడే మరి. స్టవ్‌పైప్ వెల్స్ దగ్గర రోడ్డు దాదాపు సముద్ర మట్టంలో ఉంటుంది. అక్కడి నుంచి 190వ నంబర్ హైవే ఇరవై మైళ్లలోపే 5 వేల అడుగుల ఎత్తున్న టౌన్ పాస్‌కు ఎక్కుతుంది. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపేయమని దారిలో బోర్డు కనిపించింది.

స్టీరింగ్ వదలకుండా ‘టర్న్ ఆఫ్ ఏసీ’ అన్నాను. ఇంటర్నెట్ లేదు, తర్వాత ప్రయత్నించమంది కారు. మళ్లీ అన్నాను. మళ్లీ అదే పాట. మా కారులో ఏసీకి విడిగా మీట లేదు, అన్నీ స్క్రీన్‌లోనే. పక్క సీట్లో నాన్న కాసేపు ఊరుకుని, ‘‘ఏరా, ఏసీ ఆపడానికి కూడా సిగ్నల్ కావాలా?’’ అన్నారు. జవాబు చెప్పలేక, వెడల్పుగా ఉన్న చోట కారు పక్కకు తీసి, స్క్రీన్‌లో వెతికి ఆపాను.

నేను అన్న మాటను కారు తనంతట తాను అర్థం చేసుకోదు. దాన్ని సెల్ నెట్‌వర్క్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపిస్తుంది. అర్థం అక్కడ తేలి, ఆదేశం వెనక్కి రావాలి. దగ్గర్లోని ఇండియన్ రెస్టారెంట్ వెతకమంటే నెట్ అవసరమే, ఒప్పుకుంటాను. నా నోటికి మూరెడు దూరంలో ఉన్న ఏసీకి ఎందుకు? డెత్ వ్యాలీలో చాలా భాగం సెల్ సిగ్నల్ ఉండదు. సెలవులు వస్తే మనవాళ్లు బారులు తీరే చాలా నేషనల్ పార్కుల్లోనూ అంతే.

క్లౌడ్ వద్దని నేననడం లేదు. పాత కారుకు నా తెలుగు ఇంగ్లిష్ అర్థమయ్యేది కాదు. సుబ్బారావుకు ఫోన్ చేయమంటే స్టీవ్‌కు కలిపేది. ఈ కారు అలా కాదు, సిగ్నల్ ఉన్నంతసేపు మన పేర్లన్నీ చక్కగా పడుతుంది. కానీ ఏసీ, వైపర్లు, అద్దాలు, ఫోన్‌బుక్‌లో ఉన్న నంబర్‌కు కాల్ లాంటి పనులకు నెట్ లేకుండానే మాట వినే ఏర్పాటు కారులోనే ఉండాలి. ఇది కొత్త కోరిక కాదు. ఫోర్డ్ 2007లో తెచ్చిన సింక్, ఇంటర్నెట్ లేకుండానే నోటిమాటతో ఫోన్ కలిపేది. 2021లో వచ్చిన ఐఓఎస్ 15 నుంచి ఐఫోన్లలో సిరి కొన్ని పనులు నెట్ లేకుండా చేస్తోంది. జేబులో పట్టే ఫోన్ చేయగలిగింది, 40 వేల డాలర్ల కారు చేయలేదా?

సిగ్నల్ లేకపోవడం కొండల్లో సమస్య అనుకుంటే పొరపాటే. నెట్‌వర్క్ మన ఇంటి ముందే పోవచ్చు. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ, అదే ఏడాది డిసెంబర్ 31న వెరైజన్ 3జీని మూసేశాయి. అప్పటికి 3జీ మోడెమ్‌తో నడుస్తున్న ఎన్నో కార్లలో రిమోట్ సేవలే కాదు, ప్రమాదం జరిగితే దానంతట అదే సాయం కోరే సదుపాయం కూడా ఆగిపోయింది. కొన్ని మోడళ్లకు అప్‌గ్రేడ్ దొరికింది, కొన్నింటికి అదీ లేదు. అమెరికా రోడ్ల మీద కార్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. ఈ రోజు కొన్న కారు మాట వినాలంటే అన్నేళ్లూ ఆ నెట్‌వర్క్ ఉండాలి, ఆ సర్వర్ నడవాలి, ఉచిత గడువు అయ్యాక చందా కూడా కట్టాలి.

యూరప్‌లో కార్లకు భద్రతా రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్, ఇండికేటర్లు, వైపర్లు, హారన్ వంటి వాటికి విడి మీటలు ఉండాలని 2026 నుంచి పట్టుబడుతోంది. ఇక్కడ అలా అడిగేవారేరి? డీలర్ దగ్గర మనం ఈఎంఐ గురించి గంట బేరమాడతాం, ఈ ప్రశ్న మాత్రం వేయం.

మొన్న మా స్నేహితుడు కారు కొంటుంటే తోడు వెళ్లాను. టెస్ట్ డ్రైవ్‌లో సిగ్నల్ అందని అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లోకి పోనిచ్చి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఏసీ తగ్గించమని కారుకు చెప్పమన్నాను. తగ్గలేదు. బయటకు వెళ్తే పనిచేస్తుందండీ అన్నాడు సేల్స్‌మన్. మావాడు తాళం అతని చేతిలో పెట్టి, వేరే మోడల్ చూపించమన్నాడు.