బిస్కెట్ సరే, గోళ్ల సంగతేంటి?

మన హాస్టళ్లలో కుక్క లేని బ్లాక్ ఉండదు. దానికో పేరుంటుంది, మెస్‌లో మిగిలిన పెరుగన్నంలో వాటా ఉంటుంది, కొన్నిటికి ఇన్‌స్టా పేజీ కూడా ఉంటుంది. ఎవరిది అని అడిగితే నలభై మంది "మాదే" అంటారు. అదే కుక్క కుంటుతోందని చెబితే మాత్రం "వీధి కుక్క కదా మామా, అదే తగ్గిపోతుందిలే" అంటారు. నాకు నచ్చనిది ఈ రెండో మాటే.

అది ఇప్పుడు వీధిలో లేదు. మనమే లోపలికి తెచ్చుకున్నాం. ఇందులో కొంచెం ఫిజిక్స్ ఉంది. కుక్క గోరు మన గోరులాగే ఆగకుండా పెరుగుతుంది. రోజంతా తారు రోడ్డు మీద, కంకర మీద తిరిగే కుక్కకి ఘర్షణే నెయిల్ కట్టర్. వరండాలో నున్నటి టైల్స్ మీద పడుకుని, తిండి కూడా పడుకున్న చోటికే వచ్చే కుక్కకి ఆ అరుగుదల సరిపోదు. అంటే దాని గోళ్లు పెరగడంలో మన ముద్దుకీ వాటా ఉంది. కాబట్టి వాటిని చూసుకునే పని కూడా మనదే అని నా వాదన.

చూడటానికి వెటర్నరీ సీటేమీ అక్కర్లేదు. టైల్స్ మీద నడుస్తుంటే టకటక చప్పుడు వస్తోందంటే గోళ్లు పెరిగాయని. అలాగే వదిలేస్తే అడుగు వేసిన ప్రతిసారీ గోరు నేలకి తగిలి వేలిని నొక్కుతుంది, నడక మారుతుంది, కీళ్ల మీద భారం పడుతుంది. ముంగాళ్లకి లోపలి వైపు, కాస్త పైన, బొటనవేలిలా ఇంకో గోరుంటుంది. మామూలు నడకలో అది నేలకి తగలదు, అందుకే ఎంత తిరిగే కుక్కకైనా సరిగా అరగదు. పెరిగి పెరిగి గుండ్రంగా వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. ముందు చూడాల్సింది దాన్నే.

ఇక జబ్బు గుర్తులు. ఒకే వేలిని అదేపనిగా నాకడం, గోరు చుట్టూ వాపు, చీము, దుర్వాసన, గోరు చీలడం, ఊడిపోవడం. ఒక్క గోరే పాడైతే చాలాసార్లు దెబ్బ తగిలి ఉంటుంది. ముసలి కుక్కకి ఒక వేలు వాచి ఎన్నాళ్లకీ తగ్గకపోతే కణితి కూడా కావచ్చు. చాలా గోళ్లు ఒకదాని తర్వాత ఒకటి పాడవుతుంటే లోపల ఏదో జబ్బు ఉందని అనుమానించాలి. వీటికి సొంత వైద్యం వద్దు, పశువుల డాక్టరుకి చూపించాలి. మనం వేసుకునే పారాసిటమాల్, బ్రూఫెన్ అస్సలు వేయొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

కత్తిరించడంలో మరీ ఉత్సాహం పనికిరాదు. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్ల గోరులో గులాబీ రంగులో కనిపిస్తాయి, నల్ల గోరులో పైనుంచి కనిపించవు. అందుకే కుక్కల కట్టర్‌తో, కొస మాత్రమే, కొంచెం కొంచెంగా తీయాలి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టాలి. ఇదంతా రేబిస్ టీకా వేయించిన, మనకి బాగా అలవాటైన కుక్క అయితేనే. నొప్పితో ఉన్నప్పుడు అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

"సెమ్ ముందు మన గోళ్లకే దిక్కులేదు, కుక్కకి పెడిక్యూరా?" అని నవ్వేవాళ్లుంటారు. నవ్వండి, తప్పులేదు. కానీ బర్త్‌డేలకి మొహాన పూసే కేకుల డబ్బుల్లో సగం పెడితే ఆటోకీ డాక్టరుకీ సరిపోతుంది. బ్లాక్‌కి ఇద్దరు ముందుకొచ్చి, నెలకి రెండుసార్లు తల నిమిరి నాలుగు కాళ్లూ చూస్తే చాలు. "మాదే" అన్న మాటకి ఆ మాత్రం విలువ ఉండాలి కదా!