బండి నిలిపే చోటు - బాటకున్న హక్కు

కొన్ని సమస్యలు పైకి మరీ చిన్నవిగా కనిపిస్తాయి. వాటి విషయంలో ధర్మం ఏమంటుందని ఎవరూ అడగరు. ఆసుపత్రిలో పనిచేసేవారు తమ వాహనాన్ని ఎక్కడ నిలపాలన్నది అటువంటి సమస్యే. కానీ మన ఆడబిడ్డలు నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా, మన కుర్రవాళ్లు ఫార్మసిస్టులుగా, వార్డు సిబ్బందిగా జీవనోపాధి పొందుతున్న ఈ రోజుల్లో అది మన ఇంటి సమస్య కూడా.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలనే తీసుకుందాం. ఇవి పాత పేటలు. ప్రధాన రహదారి నడుమ మెట్రో స్తంభాలు నిలిచాయి. ఒక చివర ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. అశోక్‌నగర్ వైపు నగర కేంద్ర గ్రంథాలయానికీ, కోచింగ్ కేంద్రాలకూ వచ్చే ఉద్యోగార్థుల ద్విచక్ర వాహనాలు. నారాయణగూడలో ఐపీఎం, దానికి చేరువలో కింగ్‌కోఠి ప్రభుత్వాసుపత్రి, వీటికి తోడు ప్రైవేటు ఆసుపత్రులు, రోగ నిర్ధారణ కేంద్రాలు. ఇన్ని అవసరాలు పంచుకోవలసిన వీధులు మాత్రం వెడల్పు కాలేదు.

ఆసుపత్రి పనికి ఒక ప్రత్యేకత ఉంది. చాలా చోట్ల ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8 గంటలకు డ్యూటీ మారుతుంది. వచ్చేవారు రోగుల వివరాలు తెలుసుకొని బాధ్యత స్వీకరించేవరకు ఉన్నవారు కదలరాదు. కనుక ఆ అరగంటలో రెండు డ్యూటీల వాహనాలకూ ఒకేసారి చోటు కావాలి. ఒక నర్సు స్థలం దొరక్క వీధులు చుట్టిరావడానికి ఇరవై నిమిషాలు పట్టిందంటే, రాత్రంతా మేల్కొని ఉన్న మరొక నర్సు మరో ఇరవై నిమిషాలు నిలబడవలసి వస్తుంది. ఇంటి దగ్గర ఆమె బిడ్డ అంతసేపూ ఎదురుచూస్తాడు.

మెట్రో ఉంది కదా అనవచ్చు. చిక్కడపల్లి, నారాయణగూడ స్టేషన్ల మీదుగా 2020 ఫిబ్రవరి 7న రైలు మొదలైన మాట నిజమే. మార్గం అనుకూలించినవారికి అదే మేలైన ఉపాయం. అయితే ఆ రైలు ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోతుంది. పాతబస్తీలోకి సాగవలసిన మార్గం ఇంకా అందుబాటులోకి రాలేదు. శాలిబండ నుంచో, ఫలక్‌నుమా నుంచో వచ్చే సోదరికి స్కూటరే దిక్కు. అర్ధరాత్రి అత్యవసరంగా పిలుపు వచ్చినవారికైతే ఏ రైలూ ఉండదు.

ఇక్కడ మొదటి బాధ్యత యాజమాన్యానిది. పనివారిపై వారి శక్తికి మించిన భారం మోపవద్దని, ఒకవేళ మోపితే స్వయంగా చేయూతనివ్వాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ అబూజర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. సమయానికి రావాలని షరతు పెట్టి, ఆలస్యమైతే వేతనం కోసి, వాహనం ఎక్కడ పెడతారో మాకు సంబంధం లేదనడం ఈ ఆదేశానికి తగిన పద్ధతి కాదు. చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2012 నాటి భవన నియమావళి (జీ.ఓ. 168) ప్రకారం పార్కింగ్‌కు కేటాయించిన స్థలాన్ని మరో పనికి వాడరాదు. అయినా నగరంలో ఎన్నో సెల్లార్లు దుకాణాలుగా, గిడ్డంగులుగా మారిపోవడం, జీహెచ్‌ఎంసీ వాటిపై చర్యలకు దిగడం మనకు తెలిసినదే. కోల్‌కతా ఆసుపత్రి దుర్ఘటన తరువాత 2024 ఆగస్టు 20న సుప్రీంకోర్టు జాతీయ కార్యదళాన్ని నియమించినప్పుడు, వైద్య సిబ్బందికి రాత్రివేళ రాకపోకల సదుపాయాన్ని కూడా పరిశీలించవలసిన అంశాలలో చేర్చింది. మూడు సందుల అవతల చీకట్లో నిలిపిన వాహనం దాకా ఒక ఆడపిల్ల ఒంటరిగా నడవవలసి రావడం భద్రతకు సంబంధించిన విషయమే.

ఉద్యోగికీ ఒక బాధ్యత ఉంది. తన కష్టం నిజమైనదైనంత మాత్రాన మరొకరి గేటు ముందు బండి నిలిపే హక్కు రాదు. దారి పక్కన కూర్చునేవారు దారికి దాని హక్కు చెల్లించాలని, ఇతరులకు బాధ కలిగించకుండా ఉండటం అందులో ఒకటని ప్రవక్త (స) బోధించారు. ఇతరులకు ఆటంకమో, ప్రమాదమో కలిగేలా వాహనం నిలపడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షను నిషేధిస్తోంది. గేటు లోపల ఒక వృద్ధుడిని డయాలిసిస్‌కు తీసుకువెళ్లవలసిన కుటుంబం ఉండవచ్చు. మన కష్టాన్ని వారి మీదికి నెట్టలేము.

మూడవ బాధ్యత మనది. ఇది చెప్పడానికి కొంత కఠినంగా ఉంటుంది. చాలా మస్జిదుల్లో జుమా నమాజు ఒంటిగంట, రెండు గంటల మధ్య జరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రుల్లో మధ్యాహ్నపు డ్యూటీ మారుతుంది. ఓపీకి వచ్చిన రోగుల వాహనాలు కూడా ఇంకా కదలవు. ఆ సమయంలో మనం ‘పది నిమిషాలే కదా’ అనుకుంటూ సందు మొగలో బండి ఆపి సఫ్‌లో నిలబడతాం. ఆ పది నిమిషాలు ఒక నర్సుకు ఆలస్యం. ఒక అంబులెన్సుకు అంతకంటే పెద్ద నష్టం. విశ్వాసానికి డెబ్బైకి పైగా శాఖలున్నాయని, దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం వాటిలో చివరిదని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతుంది. ఆ చివరి మెట్టును కూడా విడిచిపెట్టి పై మెట్టు ఎక్కగలమా?

పరిష్కారం మన చేతుల్లోనూ కొంత ఉంది. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి) కోసం, దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా, ప్రవక్త (స) మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. గాయపడినవారికి సేవచేసిన రుఫైదా (రజి) పేరును సీరత్ గ్రంథాలు ఈ సందర్భంలోనే స్మరిస్తాయి. వైద్యసేవకు మస్జిదు ప్రాంగణం చోటిచ్చిందన్నమాట. ఈనాడు ఆసుపత్రికి చేరువలో ఉన్న మస్జిదుల ఆవరణలు ఇషా తరువాత ఫజ్ర్ వరకు ఖాళీగానే ఉంటాయి. రాత్రి డ్యూటీ చేసే నలుగురైదుగురికి, వారే మతస్థులైనా, అక్కడ చోటు ఇవ్వగలమేమో కమిటీలు ఆలోచించాలి. వక్ఫ్ ఆస్తి దాత షరతులకు లోబడినది కనుక ముందుగా ఆలిములను సంప్రదించాలి. పేర్లు, బండి నంబర్లు రాసుకోవాలి. ఫజ్ర్ నమాజీలకు ఇబ్బంది కలగకుండా చూడాలి. సొంత ఇంటి ఆవరణ ఉన్నవారికి ఈ చిక్కులు కూడా లేవు. అద్దె ఆశించకుండా ఒక్క స్కూటరుకు చోటిస్తే అది సదఖాయే.

అంతవరకు, ఈ వచ్చే శుక్రవారం నుంచే చేయగలిగినవి ఉన్నాయి. నడవగలిగిన దూరంలో ఉన్నవారు మస్జిదుకు నడిచి రావాలి. బండి తప్పనిసరి అయినవారు పావుగంట ముందుగా బయలుదేరి, దారికి అడ్డులేని చోట నిలపాలి. ఇద్దరు యువకులు సందు మొగలో నిలబడి దారిని ఖాళీగా ఉంచాలి. ఖుత్బాకు ముందు ఇమాం సాహెబ్ ఈ మాటను ఒక్క నిమిషం గుర్తుచేస్తే చాలు, మధ్యాహ్నపు డ్యూటీకి వచ్చే ఆ సోదరి సమయానికి తన వార్డు చేరుకుంటుంది.