ఓడుచున్న జట్టునుండి ఎవ్వరిని పంపివేయవలయును?

ఒక జట్టు వరుసగా నాలుగాటలు ఓడినతోడనే చూచువారందఱు అడుగు ప్రశ్న యొక్కటియే: ఎవ్వరిని తీసివేయుదురు? పాతబస్తీ సందులలో టెన్నిసు బంతితో నాడు బాలురు మొదలుకొని, ఉప్పల్ మైదానమున వేలకొలది జనులయెదుట నాడువారివఱకు ఈ ప్రశ్న నెవ్వరును తప్పించుకొనలేరు. ఈ యేడు మన పాఠశాల క్రికెట్టు జట్టు విషయమునను తల్లిదండ్రులలో కొందఱును, విద్యార్థులలో పెక్కండ్రును నన్నిట్లే యడిగిరి. పోటీలు సగమైన నుండగనే ముగ్గురు నలుగురు బాలుర పేళ్లు కొట్టివేయవలయునని వారి కోరిక. నా యభిప్రాయము నిచ్చట విన్నవించుచున్నాను.

మొదట మన నగరము పేరు ధరించిన జట్టు సంగతి చూతము. సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టునకు 2016వ సంవత్సరమున ఐ.పి.ఎల్. కప్పు సంపాదించిపెట్టిన నాయకుడు ఆస్ట్రేలియా దేశస్థుడగు డేవిడ్ వార్నర్. ఆ యేట అతడొక్కడే 848 పరుగులు చేసెను. 2021లో జట్టు మొదటి ఆరాటలలో ఒక్కదానిని మాత్రమే గెలువగా, యాజమాన్యమువారు మే 1వ తేదిని అతనిని తొలగించి, నాయకత్వమును న్యూజీలాండువాడగు కేన్ విలియమ్సన్‌కు ఒసంగిరి. మఱునాటి యాటలో వార్నరునకు పదునొకండుగురిలో నైనను చోటు దొరకలేదు. జట్టు 55 పరుగుల తేడాతో ఓడెను. పోటీ ముగియునప్పటికి పదునాలుగాటలలో మూడు మాత్రమే గెలిచి, ఎనిమిది జట్లలో కడపటిదిగా నిలిచెను.

వార్నర్ ఆ దినములలో బాగుగా ఆడలేదనుట నిజమే. సెప్టెంబరులో మరల అవకాశమిచ్చినపుడు రెండాటలలో కలిపి రెండే పరుగులు చేసెను. అయినను అదే సంవత్సరము నవంబరు 14వ తేదిని దుబాయి నగరమున ఇరువది ఓవర్ల ప్రపంచకప్పు చివరి యాటలో ఆస్ట్రేలియా న్యూజీలాండును జయించెను. విలియమ్సన్ 85 పరుగులు చేసియు తన జట్టును గెలిపింపలేకపోయెను. వార్నర్ 53 పరుగులు చేసి, ఆ పోటీ మొత్తమున 289 పరుగులతో ఉత్తమ ఆటగాడని పేరొందెను. కొన్ని వారముల ఆటను జూచి కొన్ని సంవత్సరముల ఆటను మఱచుట ఎంత తొందరపాటో ఇందువలన తెలియుచున్నది.

మన నగరపు బిడ్డడే యగు మహమ్మద్ సిరాజ్ చరిత్రము దీనికి జోడైనది. ఆటో నడిపి సంసారమును పోషించిన తండ్రికి కుమారుడతడు. 2017లో హైదరాబాదు జట్టున నాడి, మఱుసటి యేడు బెంగుళూరు జట్టునకు పోయెను. అచ్చట 2019లో అతని బంతులను ప్రత్యర్థులు విస్తారముగా కొట్టిరి, చూచువారు పరిహసించిరి. బెంగుళూరువారు మాత్రము విడిచిపెట్టలేదు. 2020 అక్టోబరు 21వ తేదిని అతడు కలకత్తా జట్టుపై నాలుగు ఓవర్లలో 8 పరుగులు మాత్రమే యిచ్చి 3 వికెట్లు తీసెను. 2023 ఆసియా కప్పు చివరి యాటలో శ్రీలంకపై 21 పరుగులకు 6 వికెట్లు తీసిన వాడును ఇతడే.

ఆటగానిని విడనాడుటకు ముందు అతని స్థానమును మార్చి చూడవచ్చును. ఈ పాఠమును నేర్పినవాడు హైదరాబాదు నగరమున బడిపంతులుగానుండి ఫుట్‌బాల్ శిక్షకుడైన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మనదేశపు జట్టు తొలి యాటలోనే దక్షిణ కొరియాచేత ఓడెను. రెండవ యాటలో జర్నైల్ సింగ్ అను రక్షకునకు తలపై గాయమై కుట్లు పడెను. రహీం అతనిని ఇంటికి పంపలేదు. వెనుకవరుసనుండి తీసి ముందువరుసలో నిలిపెను. అతడు సెమీ ఫైనలులోను, కొరియాతోడి కడపటి యాటలోను గోలు చేసెను. మనవారు 2–1 తేడాతో గెలిచి స్వర్ణపతకము గైకొనిరి.

ఇట్లు ఇతరులకు బోధించు నేను తప్పు చేయనివాడను గాను. ఈ వృత్తియందు ప్రవేశించిన తొలిదినములలో, రెండాటలలో మూడు క్యాచులు విడిచిన వికెట్ కీపరు నొకనిని తొలగించితిని. వానితో నొక్కమాటయైనను చెప్పక, నోటీసు బోర్డుపై క్రొత్త పట్టిక యంటించితిని. వాడు దానిని చదివి, చేతితొడుగులను నా బల్లమీద నుంచి వెడలిపోయెను. మరల మైదానమునకు రాలేదు. రెండు నెలల పిమ్మట వానికి నల్లబల్లమీది యక్షరములు కనబడుటలేదని తరగతి ఉపాధ్యాయుడు కనిపెట్టెను. వానికి కావలసినది కండ్లజోడు, నేనిచ్చినది అవమానము. ఆ చేతితొడుగులు నాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నవి.

పౌలు భక్తుడంతటివాడు సహితము, నడుమ విడిచిపోయిన మార్కును రెండవ ప్రయాణమున వెంటగొనిపోవుట కిష్టపడలేదు. బర్నబా యతనిని చేరదీసి కుప్రకు తీసికొనిపోయెను. పిమ్మట చెరలోనుండి పౌలే, మార్కు తనకు ప్రయోజనకరుడని వ్రాసి, అతనిని వెంటబెట్టుకొని రమ్మని తిమోతిని కోరెను.

అట్లయిన ఎవ్వరిని పంపవచ్చును? నేర్పుండియు అభ్యాసమునకు రానివానిని, తోడివాడు తప్పిన వేళ నవ్వి వాని ధైర్యమును చెఱచువానిని, ఎన్ని పరుగులు చేయువాడైనను, హెచ్చరించి చూచి, మాఱనియెడల పంపవలయును. తన జట్టున చోటులేక వేఱొకచోట చోటు గలవానిని ఆశీర్వదించి పంపవలయును. శ్రమించుచు ఓడుచున్నవానిని మాత్రము పంపరాదు. బెంచీమీద వేచియున్న బాలునికిని హక్కు గలదందురా? కలదు. అతనికై మొదటివానికి ఒకటి రెండాటలు విశ్రాంతి నీయవచ్చును. కాని కారణమును ఎదుట నిలిచి చెప్పి, తిరిగివచ్చుటకు త్రోవ తెఱచి యుంచవలయును.

కావున ఈ యేడు మన పట్టికనుండి ఏ పేరును కొట్టివేయరాదని నా మనవి. ఇంకను సగము పోటీలు మిగిలియున్నవి. ఓడిన సాయంకాలమున మీ కుమారుడు ఇల్లు చేరినపుడు, తల్లిదండ్రులారా, ఎన్ని పరుగులు చేసితివని గాక, రేపు అభ్యాసమునకు పోవుదువా యని యడుగుడు.